పక్క బిల్డింగుకి నెట్, ఫోన్ తీసుకెళ్లడం ఎలా?

రోడ్డు వైపు పాత డాబా, దొడ్డి చివర తమ్ముడు కట్టుకున్న కొత్త ఇల్లు. నెట్ కనెక్షనూ ల్యాండ్‌లైనూ పాత డాబాలోనే ఉన్నాయి. కొన్నిచోట్ల ముందు క్లినిక్, వెనక ల్యాబ్. ఇంకొన్నిచోట్ల స్కూల్ ఆఫీసు ఒక బ్లాకులో, కంప్యూటర్ల గది ఇంకో బ్లాకులో. ఇలాంటి పనికి ఎవరు పిలిచినా మొదట అడిగేది ఒకటే: "ఇక్కణ్నుంచి అక్కడికి ఒక వైరు లాగితే సరిపోతుంది కదండీ?"

వైరు లాగితే పనిచేస్తుంది. ఏడాదో రెండేళ్లో ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తుంది కూడా. నేనూ ఒకప్పుడు అలాగే లాగాను. ఒక నర్సింగ్ హోమ్‌లో రెండు బిల్డింగుల మధ్య అరవై మీటర్ల క్యాట్ సిక్స్ కేబుల్ (నెట్‌వర్క్‌కి వాడే రాగి కేబుల్), దాని పక్కనే ఇంటర్‌కమ్ కోసం టెలిఫోన్ కేబుల్, ఈ డాబా మీంచి ఆ డాబా మీదికి కట్టాను. మే నెలలో ఒక రాత్రి ఈదురుగాలి, ఉరుములు. పిడుగు ఆ ఆవరణలో పడలేదు, రెండు వీధుల అవతల కొబ్బరిచెట్టు మీద పడింది. పొద్దున వెళ్లి చూస్తే రెండు వైపులా నెట్‌వర్క్ స్విచ్‌లు, రూటరు, రిసెప్షన్ కంప్యూటర్లో నెట్‌వర్క్ పోర్టు, ఇంటర్‌కమ్ పెట్టెలో ఎక్స్‌టెన్షన్ కార్డు అన్నీ కాలిపోయి ఉన్నాయి. ఒక స్విచ్ మూత తీశాను. పోర్టు వెనక ఉండే చిన్న నల్లటి ట్రాన్స్‌ఫార్మర్ పగిలి, దాని చుట్టూ బోర్డు మీద మసి పట్టింది. ఆ రాత్రి వెనక వార్డు నుంచి డ్యూటీ డాక్టరుకి ఇంటర్‌కమ్ మోగలేదు. నర్సమ్మ వానలో పరిగెత్తుకెళ్లి పిలుచుకొచ్చింది. ఆ మాట ఆవిడ చెప్పినప్పటి నుంచి రెండు బిల్డింగుల మధ్య నేను రాగి తీగ వేయడం మానేశాను.

కారణం ఎర్తింగ్‌లో ఉంది. రెండు బిల్డింగులకి రెండు కరెంటు మీటర్లు, రెండు ఎర్త్ గుంటలు ఉంటాయి. మామూలు రోజుల్లో ఆ రెండు ఎర్త్‌ల మధ్య తేడా కొద్ది వోల్టులే. దగ్గర్లో పిడుగు పడితే ఆ కరెంటు నేలలోకి దిగి నలువైపులా పాకుతుంది. ఆ క్షణంలో ఈ ఇంటి ఎర్త్‌కీ ఆ ఇంటి ఎర్త్‌కీ మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది. రెండింటినీ కలుపుతూ రాగి తీగ ఉంటే కరెంటు దాంట్లోంచే పోతుంది. నెట్‌వర్క్ పోర్టులోని ట్రాన్స్‌ఫార్మర్‌ని 1500 వోల్టులు ఆపేలా చేస్తారు. అంతకు మించితే దాని వల్ల కాదు. షీల్డ్ (లోహపు తొడుగు) ఉన్న కేబుల్ వేసి రెండు వైపులా ఎర్త్ చేస్తే ఇంకా ప్రమాదం, పిడుగు లేని రోజు కూడా షీల్డ్‌లో కరెంటు పారుతూనే ఉంటుంది.

ఫైబర్ అంటే కాంతి మీద నడిచే గాజు తీగ. దాంట్లో కరెంటు పారదు. అందుకే ఈ పద్ధతంతా ఒక్క ఫైబర్ చుట్టూ తిరుగుతుంది. నెట్, ఇంటర్‌కమ్, ల్యాండ్‌లైన్, కెమెరాలు అన్నీ దాంట్లోనే వెళ్తాయి.

ముందు దారి నడిచి చూడండి

టేపు పట్టుకుని, కేబుల్ పోయే దారిలోనే నడవండి. గోడ ఎక్కడం, మూల తిరగడం, లోపలి గదిలో పెట్టె దాకా వెళ్లడం అన్నీ కలపండి. చూపుకి యాభై మీటర్లు అనిపించింది కొలిస్తే ఎనభై అవుతుంది. దానికి రెండు చివర్లా చెరో మూడు మీటర్లు చుట్టి ఉంచడానికి కలపండి. ఫైబర్ తెగితే మళ్లీ జాయింట్ కొట్టడానికి ఆ చుట్టే ఆధారం.

మధ్యలో ఉన్న నేల ఎవరిదో చూడండి. అంతా మీ ఆవరణే అయితే మీ ఇష్టం. మధ్యలో వేరేవాళ్ల స్థలం ఉంటే ముందే అడిగి, ఒక కాగితం మీద రాయించుకోండి. పంచాయతీ రోడ్డో మున్సిపాలిటీ రోడ్డో అడ్డం వస్తే అనుమతి లేకుండా తవ్వకూడదు, పైనుంచి వేలాడదీయకూడదు. ముఖ్యంగా కరెంటు స్తంభానికి మీ కేబుల్ కట్టకండి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది నగరంలో స్తంభాల మీది కేబుళ్లు కోసేస్తుంటే చాలా ఇళ్లకి నెట్ పోయింది. నెట్ పోవడం చిన్న విషయం. స్తంభం ఎక్కి మీ కేబుల్ కట్టే కుర్రాడి ప్రాణం ముఖ్యం.

ఇంకో మాట. ఇదంతా ఒకే కుటుంబం, ఒకే సంస్థ వాడుకునే బిల్డింగుల కోసం. పక్కింటివాళ్లకి నెలకింత అని మీ నెట్ అమ్మడం వేరే సంగతి, దానికి లైసెన్సు కావాలి. ఉచితంగా ఇచ్చినా, ఆ కనెక్షన్ మీద ఏం జరిగినా పోలీసులు ముందు వెతుక్కుంటూ వచ్చేది మీ పేరు మీదే.

పైపు పాతడం

కుదిరితే భూమిలోనే వేయండి. గాలిలో వేలాడే కేబుల్‌కి కోతులు, కొమ్మలు, గాలివాన అన్నీ శత్రువులే.

రెండున్నర అడుగుల లోతు కాలువ తవ్వించండి. 32 ఎంఎం హెచ్‌డీపీఈ పైపు చుట్టలుగా దొరుకుతుంది, నల్లగా ఉంటుంది. ముక్కలు అతకకుండా ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే పైపు వేయండి. మధ్యలో అతుకు ఉంటే అక్కడే మట్టి చేరుతుంది, కేబుల్ లాగేటప్పుడు అక్కడే ఇరుక్కుంటుంది. మూలల్లో ఎల్బో పెట్టకుండా పైపునే నిదానంగా వంచండి. డబ్బులకి మరీ ఇబ్బంది లేకపోతే అదే కాలువలో ఇంకో ఖాళీ పైపు కూడా వేసేయండి. ఇక్కడ ఎక్కువ ఖర్చు తవ్వకానిదే, పైపుది కాదు. అదే దారిలో మోటారు కేబుల్‌ ఉంటే దానికి అడుగు దూరం ఉంచండి. పైన ఒక వరస ఇటుకలు పరిచి మట్టి కప్పితే, రేపు ఎవరైనా గునపం వేసినా ఇటుక తగిలి ఆగుతారు. ట్రాక్టర్లు, కార్లు తిరిగే చోట మాత్రం పైపుని ఇనుప పైపులోంచి పోనివ్వండి.

పైపులోకి తాడు ఎక్కించడానికి తేలిక దారి ఉంది. సన్నటి నైలాన్ దారానికి పాలకవరు ముక్క ఉండలా కట్టి ఒక చివర పెట్టండి, రెండో చివర వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టి పీల్చండి. ఉండ జర్రున వచ్చేస్తుంది. ఆ దారంతో లావు తాడు, తాడుతో కేబుల్. కేబుల్‌తో పాటు ఇంకో తాడు కూడా లాగి లోపలే వదిలేయండి, తర్వాత ఇంకేదైనా వేయాల్సి వస్తే పనికొస్తుంది.

పైపు చివర్లు రెండూ నేలకి అడుగు ఎత్తున గోడ దగ్గర పైకి తేలాలి. ఈ చివర్లని వదిలేస్తే పందికొక్కులకి అది రహదారి. కేబుల్ లాగడం అయ్యాక డక్ట్ పుట్టీయో ఫోమో కుక్కి మూసేయండి. గోడకి రంధ్రం లోపలి నుంచి బయటికి కొద్దిగా కిందికి వాలేలా కొట్టాలి. ఎదురు వాలులో కొడితే వాన నీళ్లు కేబుల్ పట్టుకుని నేరుగా మీ రూటర్ మీదికి వస్తాయి. రంధ్రంలోకి దూరే ముందు కేబుల్‌ని ఒకసారి కిందికి వేలాడేలా వంపు తిప్పండి. నీటి బొట్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.

తప్పనిసరిగా గాలిలోనే వేయాల్సి వస్తే రెండు వైపులా గోడకి గట్టి హుక్కు బిగించి, క్లాంపుతో పట్టించండి. కింద బండ్ల దారి ఉంటే ఇరవై అడుగుల ఎత్తు ఉండాలి. గడ్డి లోడు ట్రాక్టరు ఎంత ఎత్తు వస్తుందో పల్లెటూరివాళ్లకి చెప్పక్కర్లేదు.

ఏ ఫైబర్ కొనాలి

సింగిల్ మోడ్ ఫైబర్. మల్టీ మోడ్ అనే ఇంకో రకం గురించి ఎవరు చెప్పినా వినొద్దు, మన ఊళ్లలో జాయింట్ కొట్టే కుర్రాళ్ల దగ్గర ఉండేదంతా సింగిల్ మోడ్ సామానే. పైపులోకైతే నాలుగు కోర్ల (అంటే లోపల నాలుగు గాజు పోగులున్న) బయటి రకం కేబుల్ తీసుకోండి. వాడేది ఒక్క కోరే, మిగతా మూడూ అవసరానికి. ఒకటి పాడైతే కాలువ తవ్వక్కర్లేదు, ఇంకో రంగు కోరుకి మారిస్తే చాలు. కోర్లకి నీలం, నారింజ, ఆకుపచ్చ, బ్రౌన్ అని వరసగా రంగులు ఉంటాయి. రెండు చివర్లా ఒకే రంగు తీసుకోవాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఇళ్లకి నెట్ ఇచ్చే నల్లటి చప్పిడి డ్రాప్ కేబుల్‌లో గాజుతో పాటు బలం కోసం ఒక స్టీలు తీగ, అటూ ఇటూ ఇంకో రెండు పుల్లలు ఉంటాయి. ఆ పుల్లలు కొన్నిట్లో స్టీలువి, కొన్నిట్లో ఫైబర్‌గ్లాస్‌వి. ఆర్మర్డ్ కేబుల్‌లోనూ ఇనుప తొడుగు ఉంటుంది. గాజు వేశాం కదా అని ధీమాగా ఉండి, ఆ స్టీలు తీగని రెండు ఇళ్లలోకీ తెచ్చి నెట్ పెట్టెల పక్కన చుట్టి పెడితే మళ్లీ మొదటికే వచ్చినట్టు. షాపుకి ఒక అయస్కాంతం తీసుకెళ్లండి. కేబుల్‌కి అంటుకోకపోతే అందులో స్టీలు లేనట్టు, అదే కొనండి. స్టీలు ఉన్నదే దొరికితే గోడ బయటే ఆ తీగని కత్తిరించి, గాజు ఉన్న భాగం మాత్రమే లోపలికి తీసుకెళ్లండి. పందికొక్కుల భయంతో ఆర్మర్డ్ వేసినా తొడుగుని బయటే ఆపేయాలి.

జాయింట్ కొట్టడం మీరు చేసేది కాదు. మీ ఊరి నెట్ ఆపరేటర్ దగ్గర స్ప్లైసింగ్ మిషన్ ఉన్న కుర్రాణ్ని పిలవండి. రెండు చివర్లా కేబుల్‌ని చిన్న టెర్మినేషన్ బాక్సులోకి తెచ్చి, నాలుగు కోర్లకీ కనెక్టర్లు వేయించండి. ఒక్క కోరుకే వేయించి డబ్బు మిగిల్చుకుందామనుకోవద్దు, వచ్చినప్పుడే నాలుగూ అయిపోవాలి. ఇదంతా ఎందుకు అనుకునేవాళ్లకి రెండు చివర్లా కనెక్టర్లు వేసిన రెడీమేడ్ బయటి రకం ప్యాచ్ కార్డులు యాభై, వంద మీటర్ల పొడవుల్లో దొరుకుతాయి. లాగేటప్పుడు కనెక్టర్ మీద బలం పడకుండా తాడుని కేబుల్ ఒంటికి కట్టి, కనెక్టర్‌ని స్పాంజితో చుట్టి టేపు వేయండి.

ఫైబర్‌ని పిడికిలి కంటే చిన్న చుట్టు చుట్టకండి. తలుపు సందులో నొక్కకండి. గాజు పోగులో కాంతి పోయే నడిమి భాగం మందం 9 మైక్రాన్లే, వెంట్రుక కంటే చాలా సన్నం. కనెక్టర్ కొనకి వేలు తగిలితే ఆ జిడ్డే అడ్డం పడుతుంది. ఆల్కహాల్ వేసిన మెత్తటి టిష్యూతో ఒకసారి తుడిచి, ఆరాక పెట్టండి. కొనలోకి కన్ను పెట్టి చూడటం అసలు చేయొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. అందులో వచ్చే కాంతి కంటికి కనపడదు.

రెండు చివర్లా పెట్టెలు

గాజులోని కాంతిని మళ్లీ మామూలు నెట్‌వర్క్ పోర్టుగా మార్చేది మీడియా కన్వర్టర్. ఆపరేటర్లు ఎంసీ అంటారు. ఒకే కోరు మీద రానూ పోనూ నడిచే రకం కొనండి. ఇవి ఏ, బీ అని జతగా వస్తాయి. ఏ పెట్టె 1310 నానోమీటర్ల కాంతి పంపి 1550 అందుకుంటుంది, బీ పెట్టె దానికి ఎదురు. రెండు ఏలు పెట్టినా, రెండు బీలు పెట్టినా లైటు వెలగదు. పెట్టె మీద 10/100 అని ఉంటే మీ నెట్ ఎంత వేగం ఉన్నా వంద ఎంబీపీఎస్ దాటదు, 10/100/1000 అని ఉన్నదే తీసుకోండి.

కనెక్టర్ రంగు చూడండి. నెట్ కంపెనీ ఇచ్చే ఓఎన్‌టీకి (వాళ్ల ఫైబర్ వచ్చి తగిలే పెట్టె) పెట్టేది ఎక్కువగా ఆకుపచ్చ రంగు, దాని కొన 8 డిగ్రీలు వాలుగా ఉంటుంది. మీడియా కన్వర్టర్లకి మామూలుగా నీలం. ఆకుపచ్చని నీలం దాంట్లో పెడితే దూరుతుంది, టక్కుమని కూర్చుంటుంది కూడా. కానీ వాలు కొన, తిన్నటి కొన కలవవు, కాంతి సగానికి పైగా పోతుంది. జాయింట్ కొట్టే కుర్రాడికి ముందే "నీలం కనెక్టర్లు వెయ్యి బాబూ" అని చెప్పండి. చెప్పకపోతే అలవాటుగా ఆకుపచ్చవే వేసేస్తాడు.

పని అయ్యాక పవర్ మీటర్‌తో లాస్ (దారిలో ఎంత కాంతి పోతోందో, డీబీల్లో) కొలిపించండి. లెక్క తేలికే. సింగిల్ మోడ్‌లో కిలోమీటరుకి పోయేది 0.35 డీబీ, మీ ఎనభై మీటర్లకి అది లెక్కలోకే రాదు. కనెక్టర్ ఒక్కోటి 0.3, మంచి జాయింట్ 0.1. అన్నీ కలిపినా ఒక డీబీ దగ్గర ఉండాలి. మూడు చూపిస్తే ఎక్కడో మడత పడింది, లేదా కొన మురికిగా ఉంది. "లింక్ వచ్చింది కదా సార్" అంటాడు. వస్తుంది, వర్షాకాలం దాకా ఉంటుంది. ఒక డీబీకి తెప్పించాకే పంపండి.

రెండో బిల్డింగులో రూటర్ వద్దు

కన్వర్టర్ నుంచి వచ్చిన తీగని రెండో బిల్డింగులో పాత రూటర్‌కి ఉన్న వాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చే పోర్టు) పెట్టేస్తారు. నెట్ వస్తుంది. కానీ అది విడి నెట్‌వర్క్ అయిపోతుంది. ఇక్కడి ప్రింటర్ అక్కడ కనపడదు, రేపు ఇంటర్‌కమ్ పెడితే ఒకవైపే మాట వినపడుతుంది. అందుకని రెండో పెట్టెని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే రూటర్ పని మానేసి వైఫై మాత్రమే ఇచ్చేలా పెట్టండి. ఆ మోడ్ లేని పాతదైతే మూడు పనులు చేయండి. దాని అడ్రసుని మొదటి రూటర్‌తో ఢీకొట్టకుండా మార్చండి, ఉదాహరణకి అక్కడ 192.168.1.1 ఉంటే ఇక్కడ 192.168.1.2. డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రసులు పంచే పని) ఆపేయండి. తీగని వాన్‌లో కాకుండా లాన్ పోర్టులో (ఇంట్లో కంప్యూటర్లకి ఇచ్చే పోర్టు) పెట్టండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండు చోట్లా ఒకటే పెడితే ఫోన్ తనంతట తానే మారుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెళ్లు మాత్రం వేరు చేయండి, ఒకచోట 1, ఇంకోచోట 6 లేదా 11.

కెమెరాలు రెండో బిల్డింగులో ఉంటే వాటి రికార్డర్ కూడా అక్కడే పెట్టండి. రోజంతా నడిచే వీడియోని ఫైబర్ మీద మోయించడం ఎందుకు, చూడాలనుకున్నప్పుడు వస్తే చాలు.

ఇక ఫోన్

ఇప్పుడు ల్యాండ్‌లైన్ అంటే చాలా ఇళ్లలో ఓఎన్‌టీ వెనక ఉండే చిన్న ఫోన్ పోర్టు. దానికి పొడుగాటి టెలిఫోన్ వైరు కట్టి వెనక బిల్డింగులో ప్యారలల్ ఫోన్ పెట్టుకుంటారు. అది మళ్లీ రాగే. మొదట చెప్పిన నర్సింగ్ హోమ్‌లో ఇంటర్‌కమ్ పెట్టె కాలింది ఆ తీగ వల్లే. ఫోన్ కూడా ఫైబర్ మీదే వెళ్లాలి.

అవసరాన్ని బట్టి దారులు వేరు. ఇంటర్‌కమ్ మాత్రమే చాలనుకునే రెండు ఇళ్లకి చిన్న ఐపీ పీబీఎక్స్ (నెట్‌వర్క్ మీద నడిచే చిన్న ఫోన్ ఎక్స్‌ఛేంజి పెట్టె) ఒకటి, నెట్‌వర్క్ తీగకే తగిలించే ఐపీ ఫోన్లు రెండు సరిపోతాయి. పీబీఎక్స్ ముందు బిల్డింగులో, రూటర్ పక్కన. ముందింటికి 101, వెనకింటికి 201 అని నంబర్లు ఇస్తే, అమ్మ వంటింట్లోంచి 201 నొక్కి కోడల్ని పిలుస్తుంది. ఒక్కో కాల్‌కి దాదాపు తొంభై కేబీపీఎస్ చాలు, పది కాల్స్ కలిపినా ఒక ఎంబీపీఎస్ దాటవు. పాత ఫోన్ సెట్టే కావాలని పెద్దాయన పట్టుబడితే ఐపీ ఫోన్ బదులు ఏటీఏ అనే చిన్న పెట్టె పెట్టండి. దాని వెనక మామూలు ఫోన్ పెట్టుకోవచ్చు.

ల్యాండ్‌లైన్ కాల్ రెండు చోట్లా మోగాలంటే పీబీఎక్స్‌కి ఎఫ్ఎక్స్ఓ పోర్టు ఉండాలి. ఇక్కడ పోర్టుల పేర్లు తడబడతాయి, జాగ్రత్తగా చూడండి. ఎఫ్ఎక్స్ఎస్ అంటే ఫోన్‌కి కరెంటు, రింగ్ ఇచ్చేది, దానికి ఫోన్ సెట్ పెడతాం. ఎఫ్ఎక్స్ఓ అంటే బయటి లైన్‌ని అందుకునేది. ఓఎన్‌టీ ఫోన్ పోర్టు ఎఫ్ఎక్స్ఎస్ రకం, కాబట్టి దాన్నుంచి వచ్చే తీగ ఎఫ్ఎక్స్ఓలోనే పెట్టాలి. రెండూ ఎఫ్ఎక్స్ఎస్‌లే కలిపితే రెండూ రింగ్ ఇచ్చేవే అవుతాయి, అందుకునేది ఉండదు, పోర్టు పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. కలిపాక పీబీఎక్స్‌లో, బయటి కాల్ వస్తే 101, 201 రెండూ ఒకేసారి మోగేలా ఒక గ్రూపు చేయండి.

ఒక సెట్టింగ్ మర్చిపోవద్దు. అవతలివాళ్లు పెట్టేసినా లైన్ తెగకుండా అలాగే ఉండిపోయి, తర్వాత ఎవరు చేసినా ఎంగేజ్ రావడం నేను చాలాచోట్ల చూశాను. మన దేశంలో బిజీ టోన్ 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. పీబీఎక్స్ వేరే దేశం టోన్ కోసం ఎదురుచూస్తుంటే దీన్ని గుర్తుపట్టదు. ఎఫ్ఎక్స్ఓ సెట్టింగుల్లో దేశం దగ్గర ఇండియా పెట్టండి, చాలావరకు అక్కడితో తీరిపోతుంది.

ఇప్పటికే పెద్ద ఈపీఏబీఎక్స్ (పాత రకం ఇంటర్‌కమ్ ఎక్స్‌ఛేంజి) ఉన్న స్కూళ్లు, ఆసుపత్రులు దాన్ని పారేయక్కర్లేదు. మిగిలిన మూడు కోర్లలో ఒకటి తీసుకుని, ఎక్స్‌టెన్షన్లని యథాతథంగా ఫైబర్ మీద మోసుకెళ్లే టెలిఫోన్ కన్వర్టర్ జత పెట్టొచ్చు. నాలుగు లైన్లవి, ఎనిమిది లైన్లవి దొరుకుతాయి. ఇటు వైపు ఎక్స్‌టెన్షన్ పోర్టులకి, అటు వైపు పాత ఫోన్ సెట్లకి పెట్టేస్తారు. ఎవరికీ నంబరు మారదు, ముసలి వాచ్‌మన్‌కి కొత్తగా ఏమీ నేర్పక్కర్లేదు. నర్సింగ్ హోమ్‌లో రెండోసారి ఇదే పెట్టాను.

పీబీఎక్స్‌ని ఇంటర్నెట్ నుంచి కనపడేలా పోర్టు తెరవకండి. ఎక్స్‌టెన్షన్ 201కి పాస్‌వర్డ్ కూడా 201 అని ఉంచకండి. రాత్రికి రాత్రి మీ లైన్ మీద విదేశాలకి కాల్స్ కొట్టేవాళ్లు ఉన్నారు. అమెరికాలో ఉన్న అబ్బాయి ఫోన్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ పెట్టి, ఇక్కడి ల్యాండ్‌లైన్ మీదుగా ఊళ్లో నంబర్లకి చేసుకోవచ్చా అని అడుగుతారు. అది లైసెన్సు లేని ఎక్స్‌ఛేంజి కిందికి వస్తుంది, వద్దు. వీడియో కాల్ ఉండనే ఉంది.

వెనక బిల్డింగులో సెల్ సిగ్నల్ లేదని కూడా కొందరు ఈ పని మొదలుపెడతారు. వాళ్లకి పీబీఎక్స్ కూడా అక్కర్లేదు. వైఫై అక్కడికి చేరాక ఫోన్ సెట్టింగుల్లో వైఫై కాలింగ్ ఆన్ చేయండి. ఎయిర్‌టెల్ 2019 డిసెంబర్‌లో, జియో 2020 జనవరిలో దీన్ని మొదలుపెట్టాయి. అదే నంబరు మీద మామూలు కాల్స్ వైఫైలో వస్తాయి. ఆన్‌లైన్‌లో అమ్మే సిగ్నల్ బూస్టర్లు మాత్రం కొనకండి. అనుమతి లేకుండా వాటిని వాడటం నేరం, పైగా చుట్టుపక్కలవాళ్ల సిగ్నల్ చెడగొడతాయి.

మధ్యలో రోడ్డు ఉంటే

తవ్వడానికీ వేలాడదీయడానికీ దారి లేకపోతే వైర్‌లెస్ బ్రిడ్జ్ ఒకటే మిగులుతుంది. రెండు డాబాల మీద ఎదురెదురుగా 5 గిగాహెర్ట్జ్ రేడియోల జత. ఒకదాన్నుంచి ఇంకోటి కంటికి కనపడితే చాలదు, ఆ గీత చుట్టూ కూడా ఖాళీ ఉండాలి. వంద మీటర్ల దూరానికి మధ్యలో అన్నివైపులా మీటరుకి కొంచెం ఎక్కువే వదలండి. శివరాత్రి రోజుల్లో ఆకు రాలి బోసిగా ఉన్న వేపచెట్టు మీదుగా బిగించిన లింకు ఉగాది దాటి చిగురు ముదిరేసరికి పడిపోతుంది. ఆకుల్లో నీరు ఆ సిగ్నల్‌ని తాగేస్తుంది. చెట్టు నిండుగా ఉన్నట్టు ఊహించుకుని చోటు ఎంచుకోండి. డాబా మీది రేడియో నుంచి కిందికి వచ్చేది రాగి కేబులే కాబట్టి, గదిలోకి వచ్చే చోట సర్జ్ ప్రొటెక్టర్ (పిడుగు పోటుని ఎర్త్‌లోకి మళ్లించేది) పెట్టి, దాన్ని ఆ బిల్డింగు ఎర్త్‌కే కలపండి. ఇంటర్‌కమ్ ఈ లింకు మీద కూడా బాగానే నడుస్తుంది.

కరెంటు పోతే

పాత రాగి ల్యాండ్‌లైన్‌కి ఎక్స్‌ఛేంజి నుంచే 48 వోల్టులు వచ్చేవి, ఊరంతా చీకటైనా ఫోన్ పలికేది. ఇప్పుడలా కాదు. ఓఎన్‌టీ, రూటర్, పీబీఎక్స్, రెండు కన్వర్టర్లు, అటువైపు ఫోన్, వీటిలో ఏ ఒక్కటి ఆగినా ల్యాండ్‌లైనో ఇంటర్‌కమో ఆగినట్టే. ఇన్వర్టర్ ఉంటే ఈ పెట్టెలన్నీ దాని లైన్ మీదే ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే రూటర్లకి అమ్మే మినీ యూపీఎస్‌లు రెండు వైపులా పెట్టండి. ఒక వైపే పెట్టి ఊరుకుంటారు చాలామంది.

అడాప్టర్ల దగ్గర తొందరపడొద్దు. రూటర్లకి ఎక్కువగా 12 వోల్టులు, మీడియా కన్వర్టర్లలో చాలావాటికి 5 వోల్టులు. పిన్ను సైజు మాత్రం చాలాసార్లు రెండిటికీ ఒకటే. చీకట్లో తడుముకుంటూ 12 వోల్టుల పిన్ను కన్వర్టర్‌లో గుచ్చితే అది అక్కడికక్కడే పోతుంది. కొన్న రోజే ఒక్కో అడాప్టర్ తీగకి తెల్ల టేపు చుట్టి, దేనిదో పెన్నుతో రాయండి. టెర్మినేషన్ బాక్సు మూత లోపల కూడా ఒక కాగితం అంటించండి: పైపు గోడకి ఎన్ని అడుగుల దూరంలో పోతోంది, ఏ రంగు కోరు దేనికి వాడారు, ఏ పెట్టె ఏ, ఏ పెట్టె బీ.

డబ్బులిచ్చి పంపే ముందు చివరి పరీక్ష. రెండు బిల్డింగుల్లోనూ మెయిన్ స్విచ్ ఆపేయించండి. పది నిమిషాలు ఆగండి. వెనక బిల్డింగులోకి వెళ్లి, ఫోన్ ఎత్తి 101 నొక్కండి. ముందు బిల్డింగులో ఫోన్ మోగాలి, ఎత్తినవాళ్ల మాట మీకు, మీ మాట వాళ్లకి స్పష్టంగా వినపడాలి. మోగకపోతే ఏ పెట్టెకి దీపం ఆరిపోయిందో చూసి, దాన్ని కూడా యూపీఎస్ మీదికి మార్చి, మళ్లీ మెయిన్ ఆపి చూడండి.